గాజు పగలదు, చెయ్యి కాలదు: కంప్యూటరులో కెమిస్ట్రీ

మహమ్మద్ నగర్ (బాన్సువాడ): యూరియాను బకెట్ నీళ్లలో కలిపితే నీళ్లు చల్లబడతాయని నిజాంసాగర్ ఆయకట్టు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. రాయి సున్నం మీద నీళ్లు పోస్తే బుసబుస పొంగి సెగలు కక్కుతుందనీ తెలుసు. ఒకటి వేడిని పీల్చుకునే మార్పు, రెండోది వేడిని వదిలే మార్పు. ఉన్నత పాఠశాల పిల్లలు చదివే రసాయన శాస్త్రం ఇదే. అయితే పల్లె బడుల్లో పరీక్షనాళిక పగిలినా, ఆమ్లం సీసా అడుగంటినా మళ్లీ తెప్పించడం తేలిక కాదు. అప్పుడిక ప్రయోగం నల్లబల్ల మీదే జరిగిపోతుంది.

ఈ కొరతకు కంప్యూటరు ప్రయోగశాల కొంతవరకు విరుగుడు. కళాశాలల కోసం కేంద్ర ప్రభుత్వం 2009లో ప్రారంభించిన 'వర్చువల్ ల్యాబ్స్' పథకంలో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ కూడా భాగస్వామి. బడిపిల్లలకు అమృత విశ్వవిద్యాపీఠం, సి-డాక్ కలిసి 'ఓల్యాబ్స్' తయారుచేశాయి. 9 నుంచి 12 తరగతుల వరకు ప్రయోగాలున్నాయి, రుసుము లేదు. సైన్సు, లెక్కలకు 750 వర్చువల్ ల్యాబులు పెడతామని 2022-23 కేంద్ర బడ్జెటులోనూ ప్రకటించారు.

టైట్రేషన్ సంగతి తీసుకుందాం. బ్యూరెట్టులోని క్షారం చుక్కచుక్కగా కింది ఆమ్లంలో పడాలి. ఫినాఫ్తలీన్ కలిపిన ద్రవం లేత గులాబీ రంగుకు తిరగగానే ఆపాలి. రెండు చుక్కలు ఎక్కువైతే లెక్క తప్పినట్టే, అన్నీ కడిగి మళ్లీ మొదలుపెట్టాలి. తెరమీద అయితే ఒక్క మీట నొక్కితే చాలు, పదిసార్లు తప్పినా పైసా ఖర్చు లేదు. ఇంటర్‌లో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కు 30 మార్కులుంటాయి. బ్యూరెట్టు ముఖం అక్కడే మొదటిసారి చూసే పల్లె పిల్లలకు ఈ సాధన ఎంతో అక్కరకొస్తుంది.

తెరకు వాసన మాత్రం లేదు. లవణ పరీక్షలో అమోనియాను ముందు పట్టిచ్చేది ముక్కే. పశువుల కొట్టంలో తగిలే ఘాటు కూడా అదేనని వాసన చూసిన పిల్లవాడు ఇక మరిచిపోడు. కంప్యూటరు వచ్చింది కదా అని ఆమ్లాల ఖర్చులో కోత పెడితే పిల్లలకు అన్యాయం చేసినట్టే. ముందురోజు తెరమీద చూపి, మర్నాడు గాజు సామాను చేతికివ్వడం సరైన పద్ధతి.

కరెంటు పోయిన రోజుకూ ప్రయోగం ఉంది. కాగితాన్ని పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. దానిమీద సబ్బు నీళ్లు పడితే ఎర్రబడుతుంది. నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగుకొస్తుంది.