చెరుకులాంటి మెమరీ, పసుపులాంటి క్యాసెట్

నిజామాబాద్ జిల్లాలో బోధన్ వైపు పోతే చెరుకు, మా మోర్తాడ్ వైపు వస్తే పసుపు. చెరుకు రైతుకు నరికిన గడియ నుంచే తొందర. కోసిన గడలో చక్కెర పూటపూటకూ విరిగిపోతుంది, బరువూ తగ్గుతుంది. రోజు తిరిగేలోపు గానుగ పడాలి. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చెరుకు తోటల నడుమ వెలిసిందీ అందుకే. పసుపు రైతుకు ఆ తొందర లేదు. తవ్విన కొమ్మును ఉడకబెట్టి, కల్లంలో ఎండబోసి, సంచులకెత్తితే ధర వచ్చేదాకా ఇంట్లోనే ఉంటుంది.

పండించడం ఒక విద్య, నిలువ చేయడం మరో విద్య. తొలినాటి ఇంటి కంప్యూటర్లు, తొలినాటి కరెంటు బండ్లు నాకు ఈ రెండో విద్య కారణంగానే గుర్తుంటాయి. వాటి వింత రూపాలు, అవి పడ్డ కష్టాలు, వాటి మీద ఇప్పటికీ తగ్గని ప్రేమ, అన్నిటికీ మూలం నిలువే. కంప్యూటర్‌కు సమాచారాన్ని ఎక్కడ దాచాలన్నది సమస్య. బండికి కరెంటును ఎక్కడ దాచాలన్నది సమస్య.

పాటల పెట్టెలో ప్రోగ్రాం

1982 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో క్లైవ్ సింక్లెయిర్ కంపెనీ ‘జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్’ అనే చిన్న కంప్యూటర్‌ను విడుదల చేసింది. నోట్‌బుక్ అంత పెట్టె, రబ్బరు మీటలు. తెర లేదు, ఇంట్లో ఉన్న టీవీకే వైరు తగిలించాలి. పెద్ద మోడల్‌లో మెమరీ 48 కిలోబైట్లు. మీరు చదువుతున్న ఈ వ్యాసాన్ని ఇప్పటి పద్ధతిలో తెలుగు లిపిలో దాచాలంటే ఆ మెమరీలో సగం దాకా ఖర్చవుతుంది. అంత ఇరుకులోనే ఆటలు, లెక్కలు, బొమ్మలు ఇమిడ్చారు.

ఆ మెమరీ చెరుకు లాంటిది. స్విచ్ ఆపితే అందులో ఏమీ మిగలదు. రెండు గంటలు కూర్చుని టైపు చేసిన ప్రోగ్రాం కరెంటు పోతే క్షణంలో మాయం. కరెంటు కోతల మధ్య పెరిగిన మనకు ఆ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే దాన్ని పసుపులా నిలువ చేసే చోటు కావలసి వచ్చింది. డిస్క్ డ్రైవులు అప్పటికే ఉన్నాయి గానీ వాటి ధర సామాన్యుడికి అందేది కాదు. అందరి ఇళ్లలో ఉన్నది టేపురికార్డర్.

మోర్తాడ్, కమ్మర్‌పల్లి, ఆర్మూర్ చుట్టుపక్కల పల్లెల్లో టేపురికార్డర్ అంటే గల్ఫ్ గుర్తుకొస్తుంది. దుబాయ్, మస్కట్ పోయినవాళ్లు సెలవు మీద వస్తూ తెచ్చిన టూ ఇన్ వన్ చాలా ఇళ్లలో అల్మారా మీద గుడ్డ కప్పుకుని ఉండేది. ఉత్తరం రాయడం రానివాళ్లు తమ మాటలే క్యాసెట్‌లో నింపి పంపుకునేవారు. సముద్రం అవతలి మనిషి గొంతును దాచిన ఆ రీలే ఇంగ్లండ్ పిల్లవాడి ప్రోగ్రాంను కూడా దాచింది.

ఎలాగంటే, కంప్యూటర్‌కు తెలిసినవి రెండే అంకెలు, సున్నా, ఒకటి. టేపుకు తెలిసింది శబ్దం. కాబట్టి అంకెను శబ్దంగా మార్చారు. స్పెక్ట్రమ్‌లో సున్నా అంటే ఒక పొట్టి అల, ఒకటి అంటే దానికి సరిగ్గా రెట్టింపు పొడవున్న అల. సున్నా స్వరం సెకనుకు సుమారు 2,000 కంపనాలు, ఒకటి స్వరం సుమారు 1,000. క్యాసెట్ నొక్కగానే ముందు కొన్ని సెకన్లు ఒకే స్వరం సాగుతుంది. “సిద్ధంగా ఉండు” అని కంప్యూటర్‌ను హెచ్చరించే శబ్దం అది. ఆ తర్వాత బాణలిలో ఆవాలు చిటపటలాడినట్టు సున్నాలు, ఒకట్లు దూసుకొస్తాయి. సెకనుకు దాదాపు 1,500 అంకెలు. 48 కిలోబైట్లు నిండాలంటే నాలుగు నిమిషాలకు పైనే పడుతుంది. ఇప్పటి ఫోన్‌లో తీసిన మూడు మెగాబైట్ల ఫొటో ఒక్కటి ఆ వేగంతో ఎక్కాలంటే నాలుగు గంటలు దాటుతుంది.

టేపు నలిగినా, టేపును చదివే హెడ్డు మీద దుమ్ము పట్టినా అలల పొడవు చెదురుతుంది, ప్రోగ్రాం ఎక్కదు. హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పి, శబ్దం పదునుగా వినిపించేదాకా సరిచేయాలి. పాట బొంగురుపోతే మన మెకానిక్ చేసిన పనీ అదే. సమాచారం చెవికి వినిపించిన కాలం అది, చెడిందో బాగుందో వినగానే తెలిసేది.

మన దేశానికి ఈ యంత్రాలు రెండు మూడు దారుల్లో వచ్చాయి. పుణెకు చెందిన డెసిబెల్స్ సంస్థ స్పెక్ట్రమ్‌ను ‘డీబీ స్పెక్ట్రమ్’ పేరుతో ఇక్కడ అమ్మింది. 1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద దాదాపు 250 పాఠశాలలకు కంప్యూటర్ చదువు తెచ్చింది. అందుకు ఎంచుకున్న యంత్రం ఇంగ్లండ్‌లోని ఏకార్న్ కంపెనీ తయారుచేసిన ‘బీబీసీ మైక్రో’. అంతకు చాలా ముందే మన హైదరాబాద్‌లో కంప్యూటర్ తయారీకి పునాది పడింది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్, 1969లోనే ‘టీడీసీ-12’ కంప్యూటర్‌ను బయటికి తెచ్చింది. అది ప్రయోగశాలల కోసం చేసిన పెద్ద యంత్రం. అదే సంస్థ ఈసీ టీవీగా తర్వాత మన ఇళ్లలోకీ వచ్చింది.

250 వాట్ల బండి

కంప్యూటర్లు అమ్మి పేరు తెచ్చుకున్న క్లైవ్ సింక్లెయిరే 1985 జనవరి 10న ఒక కరెంటు బండిని లోకానికి చూపించాడు. పేరు ‘సీ5’. మూడు చక్రాలు, తెల్లని ప్లాస్టిక్ ఒళ్లు, ఒక్కరే కూర్చోవాలి, అదీ నేలకు జానెడు ఎత్తులో కాళ్లు చాపుకుని. హ్యాండిల్ తొడల కింద ఉంటుంది. మోటారు 250 వాట్లు, వేగం గంటకు 24 కిలోమీటర్లు, 12 వోల్టుల సీసం బ్యాటరీ. చలికి, ఎత్తులకు, పక్కనుంచి పోయే లారీలకు ఆ బండి తట్టుకోలేకపోయింది. ఆ ఏడాది ఆగస్టుకే తయారీ ఆగిపోయింది. సుమారు 14,000 బండ్లు తయారైతే అమ్ముడైనవి 5,000 మాత్రమే. ఇవాళ వాటిని వెతికి కొనుక్కుని, తుడిచి, నడుపుకుని మురిసిపోయేవాళ్లున్నారు.

ఆ 250 వాట్లు, ఆ 24 కిలోమీటర్లు చూస్తే మనకు తెలిసిన బండి గుర్తుకు రావాలి. మన దేశంలో 250 వాట్ల లోపు మోటారు, 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న కరెంటు స్కూటర్‌కు లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ నిబంధన నీడలోనే 2006 తర్వాత చిన్న స్కూటర్లు మన ఊళ్లకు వచ్చాయి. నేనూ ఒకటి కొన్నాను. సీటు కింద 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు, ఒక్కొక్కటి 20 ఆంపియర్ అవర్లు. గుణిస్తే 960 వాట్ అవర్లు, అంటే యూనిట్‌కు కాస్త తక్కువ. లీటరు పెట్రోలులో దాదాపు తొమ్మిది యూనిట్ల శక్తి ఉంటుంది. పెట్రోలు ఇంజను అందులో ముప్పాతిక వంతు వేడి కింద పోగొట్టినా, అర లీటరు కూడా కాని పెట్రోలు చేసే పని కోసం నా బండి పాతిక కిలోలకు పైగా సీసాన్ని మోస్తూ తిరిగేది.

సీసం బ్యాటరీలో ఒక పలక సీసం, ఇంకొకటి సీసం ఆక్సైడు, మధ్యలో సల్ఫ్యూరిక్ యాసిడ్. కరెంటు ఇస్తున్నకొద్దీ యాసిడ్‌లోని సల్ఫేటు రెండు పలకలకూ అంటుకుంటుంది, యాసిడ్ పలచబడి నీరవుతుంది. ట్రాక్టర్ బ్యాటరీ మూత తీసి గాజు గొట్టం ముంచి మెకానిక్ “గ్రావిటీ” చూసేది ఈ పలచదనాన్నే. నిండుగా ఉంటే 1.28 దరిదాపుల్లో తేలే బుడ్డి, ఖాళీ అయితే 1.12కు దిగుతుంది. బ్యాటరీలో ఎంత నిలువ ఉందో కంటితో చూడగలిగే పరికరం అది.

నా స్కూటర్ బ్యాటరీలు సీలు వేసినవి, గ్రావిటీ చూసే వీలు లేదు. ఒక ఎండాకాలం పెళ్లిళ్ల హడావుడిలో దాన్ని ఛార్జింగ్ లేకుండా నెలకు పైగా వదిలేశాను. తర్వాత బండి కదల్లేదు. ఆర్మూర్‌లో మెకానిక్ మీటరు పెట్టి చూసి, “ఖాళీగ ఎన్ని దినాలు ఉంచిండ్రు సార్?” అన్నాడు. పనికిరాని ఒకదాన్ని కోసి చూపించాడు. పలకల మీద తెల్లగా, సున్నం పట్టినట్టు గట్టిపడిన పొర. మెత్తగా ఉండగా కరిగిపోయే సల్ఫేటు, ఖాళీగా వదిలేస్తే పెద్ద పలుకులుగా బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా కరగదు. ఉడకబెట్టడం ఆలస్యమైన పసుపు రంగు మారినట్టే, దాచే పనికీ ఒక వేళ ఉందని ఆ పలక చూశాక తెలిసింది.

మన పొరుగున బెంగళూరులో 2001లో వచ్చిన ‘రేవా’ కారు కూడా ఈ సీసం బరువుతోనే నడిచింది. చేతన్ మైని బృందం చేసిన ఈ రెండు తలుపుల చిన్న కారులో ఆరు వోల్టుల బ్యాటరీలు ఎనిమిది. లండన్ వీధుల్లో అదే ‘జీ-విజ్’ అయింది. 2010లో కంపెనీ మహీంద్రా చేతికి వెళ్లింది. ఇప్పుడు మహీంద్రా కరెంటు ఆటోలు మన జహీరాబాద్‌లోనూ తయారవుతున్నాయి. వాటిలో ఉన్నది లిథియం. కిలో సీసం బ్యాటరీలో 30, 40 వాట్ అవర్లు పడితే, కిలో లిథియం బ్యాటరీలో దానికి నాలుగైదు రెట్లు పడుతుంది. నిలువ సమస్య తేలికపడింది కాబట్టి బండి వింత రూపం వదిలి మామూలు బండిలా కనిపిస్తోంది.

విత్తన పసుపు

పాత యంత్రాల నుంచి కొత్తవీ మొలిచాయి. ఆ బీబీసీ మైక్రోను చేసిన ఏకార్న్ ఇంజనీర్లు సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ కలిసి గీసిన కొత్త చిప్ 1985 ఏప్రిల్‌లో పనిచేయడం మొదలుపెట్టింది. దాని పేరు ‘ఆర్మ్’. దాని వంశమే నేడు మన జేబుల్లోని ఫోన్లను నడుపుతోంది. సీ5 బతికింది కొన్ని నెలలే. అయినా లైసెన్సు అక్కర్లేని చిన్న కరెంటు బండి అనే ఆలోచన మన మోర్తాడ్ సందుల దాకా వచ్చింది.

పాత యంత్రాలను అద్దాల బీరువాలో పెట్టడం మంచిదే. కానీ మా పసుపు రైతు పంటంతా ఉడకబెట్టడు. కొంత పచ్చి కొమ్మును పక్కకు తీసి, నీడన కుప్పపోసి, ఆకులు కప్పి కాపాడతాడు. ఉడికిన కొమ్ము ఎన్నేళ్లయినా ఉంటుంది, కానీ మొలవదు. వచ్చే ఏడు మొలిచేది ఆ పచ్చిదే. అల్మారా మీద ఇంకా ఒక టేపురికార్డర్ ఉంటే పారేయకండి. స్క్రూడ్రైవర్‌తో సహా బడికి పోయే పిల్లకు ఇవ్వండి. మూత విప్పి, హెడ్డు చూసి, రీలు మీద శబ్దం ఎలా నిలిచిందో తన చేత్తో కనుక్కోనివ్వండి.