నుదురు చిన్నదా, చూపు చిన్నదా?

క్రిందటి వేసవిలో మా అబ్బాయి గది సర్దుతూ ఉంటే వాడి నోటు పుస్తకం ఒకటి నా చేతిలో పడింది. ఆల్జీబ్రా లెక్కల మధ్యలో ఒక ఎలుక. కనుగుడ్లు బయటికి పొడుచుకొచ్చి, నోటినిండా కోరపళ్ళతో, పొగలు కక్కే కారు నడుపుతోంది. పక్క పేజీలో గిటారు వాయిస్తున్న అస్థిపంజరం. పద్నాలుగేళ్ళ పిల్లాడు వేయాల్సిన బొమ్మలేనా ఇవి అనిపించింది. పుస్తకం చెత్తబుట్ట దాకా వెళ్ళింది కూడా. ఇంతలో వాడొచ్చి, "నాన్నా, అది రాట్ ఫింక్. నీకు తెలీదా?" అన్నాడు. తెలీదు. తెలియని రోగానికి మందు రాయకూడదని చదువుకున్న డాక్టర్ని కనుక, పుస్తకం పక్కన పెట్టి ఆ సంగతేమిటో తెలుసుకోవడం మొదలుపెట్టాను.

ఈ తరహా బొమ్మల్ని ఇక్కడ 'లో బ్రౌ' కళ అంటారు. అంటే చిన్న నుదురు కళ అన్నమాట! ఈ మాట వెనుక ఉన్నది మా వైద్యుల తప్పే. 19వ శతాబ్దంలో పుర్రె ఆకారాన్నిబట్టి మనిషి తెలివితేటలు చెప్పవచ్చని కొందరు వైద్యులు నమ్మారు. విశాలమైన నుదురు పండితుడిది, చిన్న నుదురు మోటువాడిదట. ఆ శాస్త్రం ఏనాడో తప్పని తేలినా మాట మాత్రం మిగిలిపోయింది. 1979లో రాబర్ట్ విలియమ్స్ అనే చిత్రకారుడి బొమ్మలు పుస్తకంగా వేస్తామని ఒక చిన్న ప్రచురణ సంస్థ ముందుకు వచ్చింది. ఏ కళాసంస్థా తనను గుర్తించదని తెలిసిన విలియమ్స్, తనమీద తానే జోకు వేసుకుంటూ పుస్తకం పేరులో ఆ మాట పెట్టుకున్నాడు. అదే ఒక ఉద్యమానికి పేరయింది.

రెండవ తప్పు కూడా ఒక డాక్టరుదే. 1950ల మొదట్లో ఇ.సి. అనే సంస్థ 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్' వంటి భయానక కామిక్ పుస్తకాలు వేసేది. సమాధుల్లోంచి లేచి వచ్చే శవాలూ, చేసిన పాపానికి చివరి పేజీలో ఘోరంగా శిక్ష అనుభవించే దుర్మార్గులూ - ఇవీ ఆ కథలు. పిల్లలు ఎగబడి కొనేవారు. న్యూయార్క్ మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థమ్ 1954లో ఒక పుస్తకం రాసి, పిల్లలు నేరస్థులవడానికి ఈ కామిక్సే కారణమన్నాడు. అదే ఏడాది సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. అంతకు ముందే కొన్ని ఊళ్ళలో కామిక్సు పోగులు పోసి తగులబెట్టారు. చివరికి ప్రచురణకర్తలే భయపడి ఒక నియమావళి రాసుకున్నారు. రక్తపిశాచాలు, తోడేలు మనుషులు, నడిచే శవాలు నిషిద్ధం. పుస్తకం పేరులో 'హారర్' అన్న మాటే ఉండకూడదు. ఆ లెక్కన మన చందమామలో శంకర్ గారు గీసిన బొమ్మలో విక్రమార్కుడి భుజానికెక్కిన బేతాళుడు ఈ దేశంలో ఒక్క నెల కూడా బతికేవాడు కాదు!

వెర్థమ్ చెడ్డవాడు కాదు. 1946లో హార్లెమ్‌లో నల్లజాతి పేదల కోసం క్లినిక్ పెట్టినవాడు. కానీ అతడి కాగితాలు 2010లో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాక, కరోల్ టిల్లీ అనే ఆచార్యురాలు వాటిని పుస్తకంతో పోల్చి చూశారు. పిల్లల మాటలు మార్చాడనీ, కొందరి వయసులు మార్చాడనీ, ఇద్దరు ముగ్గురి కథల్ని ఒకరివిగా కలిపాడనీ 2012లో బయటపెట్టారు. మంచి ఉద్దేశమే, కానీ కేసు షీటు తప్పు. ఇంకొక విడ్డూరం చూడండి. వర్ణవివక్ష తప్పని చెప్పే ఇ.సి. కథ ఒకటుంది. చివరి బొమ్మలో వ్యోమగామి శిరస్త్రాణం తీస్తే నల్లజాతి మనిషి. 1956లో దాన్ని మళ్ళీ అచ్చువేయబోతే, ఆ మనిషి నల్లవాడు కాకూడదని నియమావళి అధికారి అభ్యంతరం చెప్పాడు! ప్రచురణకర్త ఒప్పుకోలేదు. కథ ఉన్నదున్నట్టే వేసి, ఆ తరువాత కామిక్ పుస్తకాలకే స్వస్తి చెప్పాడు. ఒక్క 'మాడ్' మాత్రం మ్యాగజైనుగా మిగిలింది.

బొమ్మలు ఆగాయి గానీ వాటిని చూసిన పిల్లల కళ్ళు ఆగలేదు. 1943లో పుట్టిన విలియమ్స్ ఆ కామిక్సు చదివి పెరిగినవాడే. 1960లలో లాస్ ఏంజెలెస్ దగ్గర ఎడ్ రాత్ అనే ఆయన ఫైబర్‌గ్లాస్‌తో వింత వింత కార్లు తయారుచేసేవాడు. చొక్కాల మీద భూతాల బొమ్మలు వేసి అమ్మేవాడు. మా వాడి రాట్ ఫింక్ సృష్టికర్త ఆయనే. విలియమ్స్ ఆ షెడ్డులో ఉద్యోగం చేశాడు, ఆ తరువాత 'జాప్' కామిక్సులో బొమ్మలు వేశాడు. పాత యూరోపు చిత్రకారుల లాగా తైలవర్ణాలు పొర మీద పొర వేసి, కార్లనూ దయ్యాలనూ చిత్రించాడు.

1970ల చివర పంక్ సంగీతం వచ్చింది. కచేరీ ప్రకటనలకి డబ్బు లేదు. నల్ల సిరా బొమ్మ, జిరాక్సు మెషిను - అంతే. 'బ్లాక్ ఫ్లాగ్' బృందానికి ఆ కరపత్రాలు గీసిన రేమండ్ పెటిబాన్ అర్థశాస్త్రం చదివి, కొంతకాలం హైస్కూల్లో లెక్కలు చెప్పినవాడు. మన ఇళ్ళలో అయితే ఆ ఉద్యోగం మానేస్తానంటే ఏం జరిగేదో చెప్పనక్కర్లేదు. స్తంభాలకు అంటించిన ఆయన గీతలకు 2017లో న్యూయార్క్‌లోని న్యూ మ్యూజియం పెద్ద ప్రదర్శన పెట్టింది. మైకేల్ జాక్సన్ 'డేంజరస్' ఆల్బం అట్టమీది బొమ్మ మనలో చాలామందికి గుర్తే. అది గీసిన మార్క్ రైడెన్ 2017లో అమెరికన్ బాలే థియేటర్ వారి నాటకానికి రంగాలంకరణ చేశాడు. విలియమ్స్ 1994లో మిత్రులతో కలిసి 'జక్స్టపోజ్' అనే పత్రిక పెట్టి వీళ్ళందరికీ ఒక చిరునామా ఇచ్చాడు.

ఇందులో అంతా మంచే అనను. విలియమ్స్ స్త్రీలను చిత్రించిన తీరుకి ఎన్నో నిరసనలు వచ్చాయి. ఆయన బొమ్మ వాడిన ఒక రాక్ బృందం అట్టను 1987లో మార్చాల్సి వచ్చింది. ఆ నిరసన నాకు న్యాయంగానే తోచింది. కానీ అది బొమ్మను చూసి అన్న మాట. చూడకుండా తగులబెట్టడం వేరు.

మధుబాబు గారి షాడో నవలలు క్లాసు పుస్తకంలో దాచుకుని చదివిన వాళ్ళం మనం. హిరణ్యకశిపుడి పేగులు మెడలో వేసుకున్న నరసింహస్వామి పటం ముందు దణ్ణం పెట్టుకుని పెరిగినవాళ్ళం. ఆ పటం చూసి ఎవరూ చెడిపోలేదు. భయానికి రూపమిస్తే పిల్లలకి అది చేతికి చిక్కుతుందని మన పెద్దలకి తెలుసు.

ఆ రోజు మా వాణ్ణి అడిగాను, అస్థిపంజరం ఎవర్రా అని. కాసేపు మాట్లాడలేదు. "బళ్ళో నేనే, నాన్నా. అక్కడ నన్నెవరూ చూడరు" అన్నాడు. చెత్తబుట్టలో పడి ఉంటే ఆ మాట నాకెప్పటికీ వినబడేది కాదు.

మన సంఘం పిల్లల చిత్రలేఖన పోటీలో ఏటా ముగ్గు, వినాయకుడు, తాజ్‌మహల్. అవి ఉండవలసిందే. వాటి పక్కన, ఇష్టమొచ్చింది గీసుకునే బల్ల ఒకటి వేయమని కార్యవర్గానికి నా విన్నపం. ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి నేను సిద్ధం.