మేస్త్రీ అన్నా మాస్టారన్నా ఒకే మాట!

ప్రియమైన తల్లిదండ్రులకు,

మొన్న క్లాసులో ఫారం నింపుతూ ఒక బాబు మెల్లగా అడిగాడు: "మిస్, డాడీకి ఆటోనగర్‌లో షెడ్డు ఉంది. మేస్త్రీ అని రాయనా, బిజినెస్ అని రాయనా?"

ఆ రోజు పాఠం పక్కన పెట్టి, ఆ మాట కథే చెప్పాను. లాటిన్‌లో 'మగిస్' అంటే ఎక్కువ. దాని నుంచి వచ్చిన 'మగిస్టర్' అంటే పెద్ద, నేర్పేవాడు. అదే పోర్చుగీసులో 'మెస్త్రె' అయి, వాళ్ల ఓడలతో మన దేశానికి వచ్చి మేస్త్రీ అయింది. ఇంగ్లీషులో 'మాస్టర్' అయి, మన నోట మాస్టారు అయింది.

ఇటలీలో 'మయెస్త్రో' అంటే సంగీత విద్వాంసుడు, చిన్నపిల్లల టీచరు కూడా. ఫ్రాన్స్‌లో లాయరుగారిని 'మెత్ర్' అంటారు. జర్మనీలో 'మైస్టర్' అంటే పరీక్ష పాసై, కుర్రాళ్లకు పని నేర్పే అర్హత సంపాదించిన పనిమంతుడు. కారు మెకానిక్కులకూ ఆ పట్టా ఉంది.

అంటే మీ మేస్త్రీ, మా మాస్టారు అన్నదమ్ములే. బాబు ఫారంలో 'మేస్త్రీ' అనే రాశాడు.

ఈ ఆదివారం మీ పనిలో వాడే ఒక మాట పిల్లలకు చెప్పి పంపండి. అది ఎక్కడి నుంచి వచ్చిందో క్లాసులో అందరం కలిసి వెతుకుతాం.

మీ ఇంగ్లీష్ టీచర్