కార్డు చేతిలో ఉంది... కాన్పు డాక్టరెక్కడ?

"ఇక్కడ ఆరోగ్యశ్రీ తీసుకుంటారా అమ్మా?"
"తీసుకుంటామండీ. ఎవరికి?"
"మా అమ్మాయికి. ఏడో నెల."
"కాన్పులకు లేదండీ. గుండెకి, ఎముకలకే."

తెలుగు పట్టణాల్లో ఏ కార్పొరేట్ ఆసుపత్రి రిసెప్షన్ దగ్గర నిలబడినా వినిపించే సంభాషణ ఇది. గేటు మీద పథకం బోర్డు ఉంటుంది. లోపల గైనకాలజిస్టూ ఉంటారు. అయినా కార్డు పట్టుకెళ్లిన గర్భిణికి ఆ గది తలుపు తెరుచుకోదు. తప్పు ఆమెది కాదు. కార్డు ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో ఆమెకు ఎవరూ చెప్పకపోవడమే అసలు చిక్కు.

ఆపరేషన్‌కు ఉంది, చెకప్‌కు లేదు

2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పేదల ఇల్లు గుల్ల చేసే పెద్ద జబ్బుల కోసం పెట్టిన పథకమిది. నేడు ఆంధ్రప్రదేశ్‌లో అది ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ. తెలంగాణ 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా భరిస్తుంది. అంకెలు పెరిగాయిగానీ పద్ధతి మారలేదు. ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకే ప్రధానంగా డబ్బు వస్తుంది.

గర్భిణికి కావలసింది వేరు. నెలనెలా బీపీ చూడాలి, రక్తం పరీక్షించాలి, స్కానింగ్ తీయాలి, ఐరన్ మాత్రలివ్వాలి. వీటన్నిటికీ డాక్టరు కావాలి, మంచం అక్కర్లేదు. మంచం ఎక్కనివారిని కార్డు పట్టించుకోదు.

ఆసుపత్రుల వైపు లెక్కా ఉంది. పథకంలో చేరే అనుమతి విభాగాలవారీగా వస్తుంది కాబట్టి గుండె విభాగం పథకంలో ఉండి, ప్రసూతి విభాగం బయటే ఉండొచ్చు. ఆయుష్మాన్ భారత్ తొలి ధరల పట్టికలో సిజేరియన్‌కు రాసింది 9 వేల రూపాయలు. ఆ ధరకు చేసినా బిల్లు ఎప్పుడొస్తుందో తెలియదు. బకాయిల కోసం రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు ఆసుపత్రులు పలుమార్లు సేవలు ఆపేశాయి. సొంతంగా చిన్న నర్సింగ్ హోం నడుపుకొనే డాక్టరమ్మ ఇంత భారం తలకెత్తుకోవడానికి జంకుతుంది.

డాక్టరు చూసేది ఎక్కడ?

తొమ్మిది నెలల వైద్యం ఖర్చు లేకుండా దొరికే చోటు ప్రభుత్వాసుపత్రే. ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గర పేరు నమోదుతో మొదలుపెట్టాలి. 2016 నుంచి ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన, నాలుగో నెల దాటిన గర్భిణులను డాక్టర్లు ఉచితంగా పరీక్షిస్తారు. బీపీ, షుగర్, రక్తహీనత లాంటి ముప్పులుంటే ఆ రోజే గుర్తించి పెద్దాసుపత్రికి పంపాలి.

కాన్పుకు 2011 నాటి జననీ శిశు సురక్షా కార్యక్రమం అండగా ఉంది. సాధారణ ప్రసవమైనా సిజేరియనైనా ప్రభుత్వాసుపత్రిలో మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రాకపోకల బండి అన్నీ ఉచితం. ఇది హక్కు. బండి కోసం 102కి ఫోన్ చేయాలి. హైదరాబాద్ పేట్లబురుజు, సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రులు, విశాఖలోని ఘోషా ఆసుపత్రి, తిరుపతి ప్రసూతి ఆసుపత్రి ఈ పని చేస్తున్నవే. అక్కడ రద్దీ ఉంటుంది, క్యూ ఉంటుంది, ఒక్కోసారి మాట కటువుగానూ ఉంటుంది. అయినా ఒక లెక్క చూడండి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రైవేటు కాన్పుల్లో 81.5 శాతం సిజేరియన్లే, ప్రభుత్వాసుపత్రుల్లో 44.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ అంకెలు 63, 26.6.

జీతంలో ఈఎస్ఐ కోత పడే కుటుంబాలకు మరో దారి ఉంది. నెల జీతం 21 వేలలోపు ఉన్న కార్మికులకు, వారి భార్యలకు ఈఎస్ఐ డిస్పెన్సరీలో చెకప్పులూ దొరుకుతాయి, ఆసుపత్రిలో కాన్పూ జరుగుతుంది. అర్హత ఉన్న ఉద్యోగినికి 26 వారాల వేతన భృతీ వస్తుంది. మంచం ఎక్కకముందు వైద్యాన్ని కూడా చూసే ప్రభుత్వ బీమా ఇదే. మిగతా పథకాలు నేర్చుకోవాల్సింది దీని నుంచే.

గర్భసంచి తీయించుకునే ముందు

చెకప్‌కు ఇవ్వకుండా ఆపరేషన్‌కే డబ్బిచ్చే పథకానికి ఇంకో ప్రమాదం ఉంది. అధిక రక్తస్రావానికి కొన్ని నెలలు మాత్రలు వాడితే సరిపోయేచోట, గర్భసంచి తీసేయడమే సులువుగా కనిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్లు అనవసరంగా చేస్తున్నారన్న ఆరోపణలు వచ్చి, ప్రభుత్వం ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.3 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2. అనవసర ఆపరేషన్లను అడ్డుకునే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ముప్పయ్యో, ముప్పై అయిదో ఏట ఎవరైనా "తీసేద్దాం" అంటే, ఆ ఆసుపత్రితో సంబంధం లేని మరో గైనకాలజిస్టుకు రిపోర్టులు చూపించాల్సిందే. అండాశయాలు కూడా తీస్తారా అని తప్పక అడగాలి. అవీ పోతే ముట్లు ఆగిన లక్షణాలు, ఎముకల బలహీనత ముందే వచ్చిపడతాయి.

ఇవి అడగండి

• "మీ ఆసుపత్రి పథకంలో ఉందా" అని కాదు, "ప్రసూతి విభాగం ఉందా, ఈ చికిత్స జాబితాలో ఉందా" అని ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను అడగండి.
• ముందస్తు అనుమతి వచ్చిందా? చేరేముందే తేల్చుకోండి. ప్రాణం మీదికొస్తే మాత్రం ఆగకుండా చేర్పించి, కార్డు వివరాలు వెంటనే ఇవ్వండి.
• పథకం కింద చేర్చుకుని పైడబ్బు అడిగితే రసీదు కోరండి, 104కి ఫిర్యాదు చేయండి.
• బీపీ పెరిగినా, రక్తస్రావమైనా వెళ్లాల్సిన ఆసుపత్రి ఏదో ఏడో నెలలోనే రాసిపెట్టుకోండి.

కార్డు పరిమితి ఎన్ని లక్షలకు పెంచినా గర్భిణికి దానివల్ల ఒరిగేది తక్కువే. నెలనెలా చెకప్‌కు, స్కానింగ్‌కు, పక్క పట్టణంలోని డాక్టరమ్మ ఫీజుకు డబ్బిచ్చే పథకం కావాలి. ఆ డబ్బు సకాలంలో చేరాలి. ఈసారి ఓటు అడగడానికి వచ్చినవాళ్లను ఎన్ని లక్షలని కాదు, చెకప్‌కు ఇస్తారా లేదా అని అడగండి.