గిటారు రాని గిటారు కంపెనీ అధ్యక్షుడు

టెడ్ మెకార్టీ పేరు మనలో ఎవరూ విని ఉండరు. గిబ్సన్ గిటార్ల పేరైతే కొందరికి తెలుసు. ఆ అమెరికా కంపెనీకి 1950 నుంచి 1966 దాకా అధ్యక్షుడు ఈయనే. విచిత్రం ఏమిటంటే, ఆయనకి గిటారు వాయించడం రాదు!

సిన్సినాటిలో ఇంజనీరింగు చదివి, వుర్లిట్జర్ అనే వాద్యాల కంపెనీలో పనిచేసి, 1948లో గిబ్సన్‌కి వచ్చారు. ఫ్యాక్టరీ అప్పట్లో మిషిగన్ రాష్ట్రం కాలమజూలో ఉండేది. (రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్ళు సైన్యానికి వెళ్ళిపోతే అక్కడ గిటార్లు చేసింది ఎక్కువగా ఆడవాళ్ళే. నాకు ఈ కంపెనీ మీద ఆసక్తి పుట్టింది ఆ సంగతి తెలిశాకే.)

1950లో లియో ఫెండర్ అనే ఆయన నిండు చెక్కతో ఎలక్ట్రిక్ గిటారు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. అందులో అంత విశేషం ఏముంది అంటారా? మన వీణకి కుండ ఎలాగో, మామూలు గిటారుకి డొల్ల పొట్ట అలాగ. తీగ నాదాన్ని పెంచేది అదే. కానీ ఆంప్లిఫయర్ తగిలిస్తే ఆ పొట్టే శత్రువు అవుతుంది. స్పీకరు శబ్దానికి తనూ అదిరి, సభల్లో మైకు కూసినట్టు కూస్తుంది. నిండు చెక్కకి ఆ బాధ తక్కువ. గిబ్సన్ జవాబు 1952లో వచ్చింది: మహాగని చెక్క మీద మేపుల్ చెక్క అతికించిన "లెస్ పాల్" గిటారు. లెస్ పాల్ అప్పటికే పేరున్న వాద్యకారుడు. ఆ గిటారు ఎవరి ఆలోచన అన్నదాని మీద మాత్రం ఆయనొక కథ చెప్పేవారు, మెకార్టీ ఇంకొకటి చెప్పేవారు.

వాయించడం రాదు కాబట్టే ఆయన వాయించేవాళ్ళని అడిగేవారు. పనివాళ్ళనీ నమ్మారు. ఎలక్ట్రిక్ గిటారులో కరెంటు వల్ల ఒక గుయ్‌మనే రొద ఉండేది. కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు ఒకటికి బదులు రెండు తీగచుట్టలు, ఒకదానికొకటి ఎదురుగా పనిచేసేట్టు పెట్టారు. రెండింటిలోని రొదా కొట్టుకుపోతుంది, తీగ నాదం మాత్రం కలిసి పెరుగుతుంది. దానికే హంబకర్ అని పేరు. 1957 నుంచి గిబ్సన్ గిటార్లలో వచ్చింది, ఇప్పటికీ వాడుతున్నారు. తీగ తీగకీ శ్రుతి విడిగా సరిచేసుకునే బ్రిడ్జికి పేటెంటు మాత్రం మెకార్టీదే.

1958లో ఆయన పెద్ద సాహసమే చేశారు. ఇంగ్లీషు 'వి' అక్షరం ఆకారంలో "ఫ్లయింగ్ వి" అనే గిటారు తెచ్చారు. జనం కొనలేదు. రెండేళ్ళలో వంద కూడా పోలేదు, చేయడం ఆపేశారు. ఆ నాటివి ఇప్పుడు లక్షల డాలర్లు పలుకుతున్నాయి! అదే ఏడాది వచ్చిన "ఇ.ఎస్. 335" మాత్రం అప్పుడే నిలబడింది. మధ్యలో నిండు చెక్క, రెండు పక్కలా డొల్ల. కూత తగ్గింది, పొట్ట నాదమూ పోలేదు. ఆయన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

1966లో గిబ్సన్ వదిలి బిగ్స్‌బీ అనే చిన్న కంపెనీ నడుపుకున్నారు. చాలా ఏళ్ళకి పాల్ రీడ్ స్మిత్ అనే గిటార్ల తయారీదారు పాత పేటెంట్లలో ఈయన పేరు చూసి, వెతుక్కుంటూ వెళ్ళి సలహాలు అడిగారు. 1994లో తన కంపెనీ గిటారు ఒకదానికి "మెకార్టీ" అని పేరు పెట్టారు. అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది. ఇన్నేళ్ళ పనిలో ఒక గిటారు మీదికి ఆయన పేరు ఎక్కింది అప్పుడే, అదీ వేరే కంపెనీ గిటారు మీద.

- ద్వితీయ సంవత్సరం బి.ఎ.