గన్నవరం నుంచి రేణిగుంటకు ఎంత దూరం, ఎంత సేపు?

విజయవాడకు చెందిన గన్నవరం విమానాశ్రయం నుంచి తిరుపతికి చెందిన రేణిగుంట విమానాశ్రయానికి తిన్నగా గీత గీస్తే దాదాపు 348 కిలోమీటర్లు. రోడ్డు మీద ఇదే ప్రయాణం 400 కిలోమీటర్ల దాకా వస్తుంది. రహదారి గుంటూరు, ఒంగోలు, నెల్లూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా తిరిగి వెళ్తుంది. తిన్నని గీత మాత్రం బాపట్ల దగ్గర తీరం దాటి బంగాళాఖాతం మీదికి వెళ్లి, కావలి ప్రాంతంలో మళ్లీ నేల మీదికి వస్తుంది.

ఈ దూరాన్ని అక్షాంశ రేఖాంశాలతో లెక్కగడతారు. గన్నవరం కంటే రేణిగుంట 2.9 డిగ్రీలు దక్షిణాన ఉంది. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున అది 322 కిలోమీటర్లు. పడమటికి జరిగింది 1.25 డిగ్రీలు, అంటే సుమారు 135 కిలోమీటర్లు. బడిలో నేర్చుకున్న పైథాగరస్ సూత్రం వాడినా జవాబు 350కి దగ్గరగా వస్తుంది. ఇంత చిన్న దూరంలో భూమి గుండ్రంగా ఉన్నందువల్ల వచ్చే తేడా లెక్కలోకి రాదు. పైలట్లు దీన్నే 188 నాటికల్ మైళ్లంటారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు.

సమయం లెక్క ఇంత సూటిగా ఉండదు. ప్రాంతీయ మార్గాల్లో తిరిగే ఏటీఆర్ 72 గంటకు సుమారు 510 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ లెక్కన 41 నిమిషాలు చాలాలి. గంటకు 830 కిలోమీటర్లు వెళ్లే ఎయిర్‌బస్ ఏ320కి 25 నిమిషాలు చాలాలి. కానీ జెట్ విమానానికి ఆ వేగంతో సాగే వ్యవధి ఇక్కడ దొరకదు. 30 వేల అడుగుల నుంచి దిగాలంటే గమ్యానికి 160, 170 కిలోమీటర్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. ఎక్కడానికీ మరికొంత దూరం కావాలి. ఇక మిగిలేది కొద్దిపాటి దారే. పైగా 10 వేల అడుగుల కింద వేగం మామూలుగా 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు దాటకూడదు. అందుకే చిన్న దూరాల్లో జెట్‌కూ ఏటీఆర్‌కూ మధ్య తేడా కాగితం మీద కనిపించినంత ఉండదు.

గాలి సంగతీ చూడాలి. గంటకు 40 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే ఏటీఆర్‌కు 41 నిమిషాల ప్రయాణం 44 అవుతుంది. అదే గాలి వెనక నుంచి తోస్తే 38కి తగ్గుతుంది.

టికెట్ మీద కనిపించేది ఆకాశంలో గడిపే ఈ సమయం ఒక్కటే కాదు. విమానం నిలిచిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, గమ్యంలో ఆగేదాకా పట్టే సమయమంతా అందులో ఉంటుంది. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా నేల మీద వెళ్లడం, అనుమతి కోసం ఆగడం, దిగేందుకు వరుసలో తిరగడం అన్నీ కలిపితే ఇలాంటి మార్గానికి గంట, గంటా పది నిమిషాలు వేసుకోవడం సబబు.

ప్రయాణికుడికి అసలు లెక్క ఇంటి గడప నుంచి మొదలవుతుంది. విజయవాడ నుంచి గన్నవరం 20 కిలోమీటర్లు. గంటన్నర ముందు చేరుకోవాలి. రేణిగుంటలో సామాను తీసుకున్నాక తిరుపతి ఊళ్లోకి మరో 15 కిలోమీటర్లు. మొత్తం నాలుగు, నాలుగున్నర గంటలు. రైలుకు ఆరేడు గంటలు పడుతుంది. అంటే కలిసొచ్చేది రెండు గంటలకు అటూ ఇటూ.

అదీ నేరుగా వెళ్లే విమానం ఉంటేనే. హైదరాబాద్‌లో మారాల్సి వస్తే గన్నవరం నుంచి శంషాబాద్‌కు 264, అక్కడి నుంచి రేణిగుంటకు 417, మొత్తం 680 కిలోమీటర్లు దాటుతుంది. శంషాబాద్‌లో రెండు గంటలు ఆగాల్సి వస్తే రైలు కంటే ముందు చేరడం కష్టం.