పైకి కనబడని దెబ్బ

దేహమునకు తగులు దెబ్బలలో పెక్కు తమకు తామే సాక్ష్యము చెప్పుకొనును. విరిగిన కాలు నడువనీయదు. తెగిన చేయి రక్తము కార్చును. మెదడునకు తగిలిన దెబ్బ అట్టిది కాదు. తన్ను తాను పరిశీలించుకొనవలసిన మెదడే దెబ్బతిని యుండుటచేత, అనేక పర్యాయములు ఆ సంగతి దెబ్బతిన్న మనిషికే తెలియదు. తెలిసికొనునది ఇంటిలోని రెండవ మనిషి: భార్య, లేక భర్త. ఆ రెండవ మనిషి తన అనుమానమును వైద్యునివరకు ఎట్లు చేర్చవలెను, వైద్యుడు దానిని ఎట్లు పరీక్షించును అనునదే ఈ ప్రసంగ విషయము.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణములవారికి ఇది దూరపు విషయము కాదు. బెంగుళూరునుండి హైదరాబాదు పోవు 44వ జాతీయ రహదారి పెనుకొండ మీదుగా సాగుచున్నది. పనికి, సంతకు, పొలమునకు జనము మోటారు సైకిళ్ళమీద తిరుగుచున్నారు. వారిలో తలకు హెల్మెట్టు లేనివారు కొల్లలు. వెనుక సీటుపై ఒక ప్రక్కకు కూర్చున్న ఇల్లాలి చీర చెంగు చక్రములో చిక్కి పడిపోవుట మనము వినని మాట కాదు. చింతకాయ దులుపు దినములలో కొమ్మమీదినుండి జారువారు కలరు. మిద్దె మెట్లపై కాలుజారిన వృద్ధులు కలరు. 2012 మే 22వ తేదీ తెల్లవారుజామున పెనుకొండ స్టేషనులో నిలిచియున్న గూడ్సు బండిని హంపి ఎక్స్‌ప్రెస్ ఢీకొనినప్పుడు దేశమంతయు ఆ వార్త విన్నది. కాని దినదినము జరుగు చిన్న చిన్న పాటులను ఏ పత్రికయు వ్రాయదు. పడినవాడు దుమ్ము దులుపుకొని లేచును. రెండు కుట్లు వేయించుకొని ఇంటికి వచ్చును. కథ అంతటితో ముగిసినదని అందరు అనుకొందురు.

మెదడు ఎట్లు దెబ్బతినునో ముందు తెలిసికొందము. పెద్దవాని మెదడు సుమారు 1300 మొదలు 1400 గ్రాముల బరువుండు మెత్తని పదార్థము. అది కపాలమను గట్టి పెట్టెలో, నీటివంటి ద్రవముమధ్య అమరియున్నది. వేగముగా పోవుచున్న తల ఒక్కసారిగా ఆగినప్పుడు, కుండ ఆగినను అందులోని పెరుగు కదలినట్లు, కపాలము ఆగినను మెదడు కదలును. నుదుటి వెనుక భాగమునకును, కణతల లోపలి భాగమునకును అడుగున ఉన్న ఎముక గరుకైనది. ఆ తావులు మొదట ఒరసికొనును. ఆలోచించి అడుగు వేయుట, కోపమును నిగ్రహించుకొనుట, క్రొత్త సంగతి జ్ఞాపకముంచుకొనుట అను పనులకు ఆ తావులే ముఖ్యమైనవి. ఇదిగాక మెదడులో ఒక భాగమును మరియొక భాగముతో కలుపు సన్నని నరపు పోగులు మెలిపడి సాగును, కొన్ని తెగును. తలపై చర్మము చిట్లకయే ఇదంతయు జరుగవచ్చును.

ధర్మవరములో పట్టు నేయు ఒక గృహస్థుని ఉదాహరణకు ఊహించుకొనుడు. బండిమీదినుండి పడి ఆరు వారములైనది. గాయము మానినది. మగ్గము ఎక్కినాడు. కాని మునుపు మాటలాడుచునే తెగిన పడుగు పోగును అతికినవాడు ఇప్పుడు ప్రక్కన రేడియో మ్రోగిన పని సాగనీయలేడు. అంచులో తప్పు పడినను గమనింపడు. మధ్యాహ్నమునకే అలసిపోవును. పొయ్యిమీద పోపు మాడి ఇల్లంతయు ఘాటెక్కినను అతనికి వాసన తెలియదు. వాసన తెచ్చు సన్నని నరములు ఇట్టి పాటులలో తెగుట కద్దు. పిల్లలు గట్టిగా నవ్విన విసుగుకొనును. ఏమైనదని అడిగిన, 'నాకేమైంది? బాగానే ఉన్నా' అనును. భార్య మాత్రము, 'మా ఇంటాయన మునుపటి మనిషి కాడు' అని తల్లితో చెప్పుకొని కన్నీరు పెట్టుకొనును.

ఆ ఒక్క మాట వైద్యశాస్త్రమునకు క్రొత్త కాదు. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున ఫినియస్ గేజ్ అను రైలుదారి పనివాని తలలోనికి ఒక ఇనుపకడ్డీ దూసికొనిపోయినది. అతడు బ్రతికెను, నడచెను, మాటలాడెను. కాని అతనికి చికిత్స చేసిన వైద్యుడు హార్లో తరువాత వ్రాసినదానినిబట్టి, స్నేహితులు అతనిని మునుపటి గేజ్‌గా గుర్తింపలేకపోయిరి. గుణములో వచ్చిన మార్పు మెదడుకు తగిలిన దెబ్బకు గుర్తు కావచ్చునని చదువరులకు తెలిపిన ప్రసిద్ధ వృత్తాంతములలో ఇది ఒకటి. దానిని మొదట చూచినది యంత్రము కాదు, తెలిసిన మనుష్యులు.

మన ఇండ్లలో ఈ మార్పునకు వేరు పేర్లు పెట్టుదురు. త్రాగుడు పెరిగినదందురు, గాలి సోకినదందురు, ఆలుమగల తగవందురు. మొక్కుబడి తీర్చుకొనుటయు, దర్గాకు పోయివచ్చుటయు ఎవరి విశ్వాసము వారిది. దానివలన మనసునకు ధైర్యము కలిగిన మంచిదే. కాని వైద్యునివద్దకు పోవు దినము అందుచేత వెనుకపడరాదు.

ఏలయన, కొన్ని గుర్తులకు వ్యవధి లేదు. దెబ్బ తగిలిన తరువాత తలనొప్పి గంటగంటకు పెరిగినను, మాటిమాటికి వాంతియైనను, మత్తుగా పడియుండి లేపిన లేవకున్నను, మూర్ఛ వచ్చినను, ఒక కాలో చేయో పట్టు తప్పినను, మాట తడబడినను, ముక్కునుండి గాని చెవినుండి గాని నీటివంటి ద్రవము కారినను తక్షణమే 108 వాహనమును పిలువవలెను. మరియొక అపాయము నెమ్మదిగా వచ్చును. ముఖ్యముగా వృద్ధులలోను, త్రాగుడు అలవాటున్నవారిలోను, రక్తమును పలుచనచేయు మందులు వాడువారిలోను చిన్న దెబ్బకే మెదడు పైపొరక్రింద రక్తము కొంచెము కొంచెముగా చేరి, వారములు గడచిన తరువాత మతిమరుపు, తడబాటు కలిగించును. ముసలితనమని విడిచిపెట్టబడు ఈ స్థితి, పలువురి విషయమున, కపాలమునకు చిన్న రంధ్రము చేసి ఆ రక్తమును తీసివేసినచో బాగుపడునది.

ఇక స్కాను సంగతి. 1971 అక్టోబరు 1న లండనులోని ఒక ఆసుపత్రిలో హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. యంత్రము మొదటిసారి ఒక రోగి మెదడును చిత్రించినది. ఎముక విరిగినదా, రక్తము గడ్డకట్టినదా అని చెప్పుటకు నేటికిని తొలి గంటలలో దానికి సాటి లేదు. కాని నరపు పోగులు సాగుటను అది చూపలేదు. కనుక 'స్కానులో ఏమియు లేదు' అను మాటకు అర్థము, ఆపరేషను చేయదగినది ఏదియు కనబడలేదని మాత్రమే. దెబ్బయే లేదని కాదు. ఎం.ఆర్.ఐ. పరీక్షలో అతి సూక్ష్మమైన రక్తపు మచ్చలను చూపు పద్ధతులు కలవు. ఒక్కొక్కప్పుడు అదియు నిర్మలముగా ఉండవచ్చును.

మరి వైద్యుడు దేనిని ఆధారము చేసికొనును? మొదటిది, దెబ్బ తగిలిననాటి స్పృహ. గ్లాస్గో నగరమున టీస్‌డేల్, జెన్నెట్ అను వైద్యులు 1974లో ప్రకటించిన కొలత ప్రకారము కన్ను తెరచుటకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తము 15 మార్కులు. 13కు తగ్గనిది తేలిక దెబ్బ. 9 మొదలు 12 వరకు మధ్యరకము. 8, అంతకు తక్కువ తీవ్రము. తేలిక అనునది ఆనాటి స్పృహకు పెట్టిన పేరే గాని తరువాతి జీవితమునకు హామీ కాదు. రెండవది, దెబ్బ తరువాత ఎంతకాలము జ్ఞాపకము తెగిపోయినదను ప్రశ్న. రోగి కన్నులు తెరచి మాటలాడినను, ఆ దినపు సంగతి మరునాడు గుర్తులేకపోవచ్చును. ఈ రెంటికిని సమాధానము చెప్పగలవారు దగ్గర నున్నవారే. మూడవది, నాటికిని నేటికిని మధ్య మార్పు. మునుపటి మనిషిని వైద్యుడు ఎరుగడు, ఎరిగినది భార్య.

అందుచేత ఆమె చేయదగిన మొదటి పని ఒక నోటుపుస్తకము పెట్టుకొనుట. చదువురానిచో బడికిపోవు బిడ్డచేత వ్రాయింపవచ్చును. అందులో తీర్పులు కాదు, జరిగినవి ఉండవలెను. 'కోపిష్ఠి అయినాడు' అనునది తీర్పు. 'సోమవారమునాడు కూరలో ఉప్పు తగ్గినదని గిన్నె విసిరినాడు. పెండ్లియైన పదునొకండు ఏండ్లలో అట్లు ఎన్నడు చేయలేదు' అనునది సాక్ష్యము. నిద్ర, తలనొప్పి, తలత్రిప్పుట, మరపు, లెక్కలలో తప్పు, త్రాగుడు ఉన్నచో దాని పరిమాణము, వాడు మందులు అన్నియు తేదీలతో వ్రాయవలెను. లోగడ తలకు తగిలిన దెబ్బలను కూడ చెప్పవలెను. ఇంటిలోనే ఎవరైనను కొట్టిన దెబ్బయైనచో దానిని దాచరాదు. దెబ్బతిన్నది ఇల్లాలైనపుడు ఈ బాధ్యత భర్తది. వంటలో తప్పు పడినదని విసుగుకొనుటకు మునుపు, అది ఏనాటినుండి పడుచున్నదో ఆలోచించవలెను.

రోగి ఒప్పుకొననిచో ఎట్లు? అతడు బొంకుట లేదు. లోపమును గుర్తించు శక్తియే తగ్గియుండవచ్చును. 'నీకు మతి చెడినది' అన్నచో గడప దాటడు. 'తలనొప్పి ఉందంటిరి కదండీ, ఒకసారి చూపించుకొని వద్దాం రండి' అన్నచో రావచ్చును. అబద్ధమాడ నక్కరలేదు, అతడు ఒప్పుకొను బాధనుండియే మొదలుపెట్టవలెను.

మొదట స్థానిక ప్రభుత్వాసుపత్రి వైద్యునికి చూపి, అక్కడినుండి చీటీతో అనంతపురము సర్వజన ఆసుపత్రికి గాని బెంగుళూరునకు గాని పోవుట మేలు. హిందూపురమునకు బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. ధర్మవరమునుండి పెనుకొండ, హిందూపురముల మీదుగా రైలుదారియే కలదు. అక్కడి నిమ్హాన్సు సంస్థ మెదడు, నరములు, మనసు మూడింటికిని ఒకే ఆవరణలో వైద్యము చేయు చోటు. పాత మానసిక వైద్యశాలయు, 1954లో ఏర్పడిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థయు 1974లో కలిసి ఆ పేరు పొందినవి. 2012లో పార్లమెంటు చట్టముచేత అది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థయైనది. వెంట తీసికొనిపోవలసినవి: దెబ్బ తగిలిననాటి ఆసుపత్రి చీటీలు, స్కాను ఫిలిములు, పోలీసు కేసైనచో ఆ కాగితముల నకళ్ళు, మందుల పట్టీ, నోటుపుస్తకము. ప్రభుత్వ ఆరోగ్య పథకపు కార్డు ఏ ఆసుపత్రిలో, ఏ చికిత్సకు చెల్లునో బయలుదేరుటకు మునుపే అడిగి తెలిసికొనవలెను.

అక్కడ నరముల పరీక్ష తరువాత, అవసరమైనచో, మనస్తత్త్వ నిపుణుడు కొన్ని గంటలసేపు పరీక్షించును. కొన్ని మాటలు చెప్పి అరగంటకు మరల అడుగుట, చెదరియున్న అంకెలను వరుసగా కలుపుమనుట, చేయవద్దన్నది చేయక ఆగగలడా అని చూచుట ఇట్టివి. నిమ్హాన్సు 2004లో ప్రకటించిన పరీక్షామాలలో మన దేశస్థుల వయస్సు, విద్య ననుసరించిన ప్రమాణములు కలవు. కనుక బడికి పోని నేతగానిని కళాశాల చదివినవానితో పోల్చి లోపమెంచు భయము లేదు. పరీక్ష రోగికి తెలిసిన భాషలో జరుగవలెనని మొదటనే కోరవలెను. వైద్యుని అడుగదగిన ప్రశ్నలు మూడు: ఈ మార్పులు ఆ దెబ్బవలన వచ్చినవా? వేరు కారణములను పరీక్షించితిరా? మరల ఎప్పుడు చూపవలెను?

రెండవ ప్రశ్న ముఖ్యమైనది. థైరాయిడు లోపము, రక్తములో చక్కెర హెచ్చుతగ్గులు, బి12 విటమిను తక్కువ, నిద్రలేమి, త్రాగుడు, మనోవ్యాకులత ఇవియు మనిషిని ఇట్లే మార్చును. దెబ్బవలననే మెదడు అడుగుననున్న పీయూష గ్రంథి పని తగ్గవచ్చును; దానిని రక్తపరీక్షచే కనుగొందురు. కాబట్టి వైద్యునివద్దకు అనుమానమును తీసికొనిపోవలెను గాని నిర్ణయమును కాదు. 'ఇది దెబ్బవలన కాదు' అని ఆయన కారణము చూపి చెప్పినచో అదియు లాభమే; సరియైన మందు అప్పుడే మొదలగును.

దెబ్బ అని తేలినచో దాని ఫలము మందుచీటీతో ముగియదు. జ్ఞాపకమునకు ఊతలు, విశ్రాంతి వేళలు, పనిని కొంచెము కొంచెముగా పెంచుట నేర్పుదురు. తల మరల దెబ్బతినకుండ కాపాడుకొనుమందురు. మార్పు మొదటి మాసములలో వేగముగాను, తరువాత నెమ్మదిగాను కనబడును; సంవత్సరము గడచిన తరువాత కూడ మెరుగుపడువారు కలరు. రోడ్డు ప్రమాదమైనచో నష్టపరిహారపు ట్రిబ్యునలు ఎదుట ఈ వైద్యపత్రము విరిగిన ఎముకవలెనే సాక్ష్యమగును; అందుకు న్యాయవాదిని ఆలస్యము చేయక కలిసికొనవలెను. మార్పులు వచ్చియు వైద్యునివద్దకు పోని ఇండ్లవారు దూరాభారమునకు గాని ఇరుగుపొరుగు మాటలకు గాని జంకి ఉండనక్కరలేదు. ఊరు కదలుటకు మునుపు ఒక సలహా కావలెనన్నచో, ప్రభుత్వమువారి టెలిమానస్ 14416 నంబరునకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఆ సంభాషణకు కూడ మొదట చేతనుండవలసినది తేదీలు వ్రాసిన ఆ నోటుపుస్తకమే.